నిరుద్యోగులకు రాయితీ టికెట్: ఫుట్‌బాల్ క్లబ్బులు ఎందుకు ఇస్తాయి, ఎప్పుడు మానేస్తాయి?

ఐరోపాలో ఫుట్‌బాల్ క్లబ్బుల టికెట్ ధరల పట్టికల్లో రాయితీకి అర్హులైన వారి జాబితా ఒకటి ఉంటుంది. పిల్లలు, వృద్ధులు, విద్యార్థులు, దివ్యాంగులు అందులో దాదాపు అన్నిచోట్లా కనిపిస్తారు. నిరుద్యోగుల సంగతి అలా కాదు. జర్మనీలో అనేక క్లబ్బులు వారిని ఆ జాబితాలో చేర్చాయి. స్పెయిన్‌లో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పలు క్లబ్బులు పని కోల్పోయిన అభిమానులకు తక్కువ ధరకు సీజన్ టికెట్లు ఇచ్చాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మాత్రం ఆ మాట కనిపించడం అరుదు. ఆట ఒకటే, నియమాలూ ఒకటే. రాయితీ మాత్రం దేశానికో తీరు. ఈ తేడాను క్లబ్బు యజమానుల దయాగుణంతో వివరించలేం. దాని మూలం స్టేడియంలోని ఖాళీ సీట్లలో, క్లబ్బుపై నిర్ణయాధికారం ఎవరిదన్న విషయంలో ఉంది.

బస్సు డిపో దాటాక ఖాళీ సీటును అమ్మడం ఎవరి తరమూ కాదు. ఫుట్‌బాల్ సీటు కూడా అలాంటి సరుకే. ఆట మొదలయ్యాక దాని విలువ సున్నా. సగం నిండిన స్టేడియంలో మరొక ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడానికి క్లబ్బుకయ్యే అదనపు ఖర్చు దాదాపు శూన్యం కాబట్టి అతడు చెల్లించే కొద్ది మొత్తమైనా లాభమే. చిక్కు మరోచోట ఉంది. అందరికీ ధర తగ్గిస్తే, పూర్తి ధర ఇవ్వగలిగినవారు కూడా తక్కువే ఇస్తారు. అందుకే ఇవ్వలేనివారిని విడిగా గుర్తించే చిహ్నం ఒకటి అవసరమవుతుంది. వయసు అందుకు అనువైనది. పుట్టిన తేదీ మారదు, దాన్ని చూపించడానికి ఎవరూ సిగ్గుపడరు. నిరుద్యోగం నెలనెలా మారే స్థితి. పైగా, నలుగురి ముందు చెప్పుకోవడానికి మనిషి ఇష్టపడని స్థితి.

బ్రిటన్‌లో ఈ రాయితీకి వెనుక పాత ఆచారమొకటి ఉంది. ఆట ముగియడానికి కొంత ముందే, త్వరగా వెళ్లిపోయేవారి కోసం మైదానం గేట్లు తెరిచేవారు. బయట కాచుకుని ఉన్న పిల్లలు, చేతిలో డబ్బు లేని పెద్దలు అప్పుడు ఉచితంగా లోపలికి వెళ్లి చివరి నిమిషాల ఆట చూసేవారు. దాన్ని రాయితీ అని ఎవరూ పిలవలేదు, ధ్రువపత్రమూ అడగలేదు. 1982 జనవరిలో దేశంలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. భృతి తీసుకునేవారి చేతిలో ఉండే ‘యూబీ40’ అనే ప్రభుత్వ పత్రం ఆ దశకంలో రాయితీలకు గుర్తింపు కార్డుగా మారింది. 1978లో బర్మింగ్‌హామ్ యువకులు కొందరు సంగీత బృందం ప్రారంభించి దానికి ఆ పత్రం పేరే పెట్టుకున్నారు. 1980లో వెలువడిన వారి తొలి ఆల్బమ్ అట్టపై ఆ కార్డు బొమ్మే ఉంది. ఒక కార్యాలయ ఫారం సంఖ్య జనం నోట మనిషికి పేరుగా మారడం భాషలో తరచూ జరిగేది కాదు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట ఈ పరిస్థితినంతా మార్చివేసింది. ఆ దుర్ఘటన 97 మందిని బలిగొంది. దర్యాప్తు జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక ఇస్తూ, పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే గ్యాలరీలు తొలగించి అందరికీ సీట్లు అమర్చాలని సిఫారసు చేశారు. ఆ నివేదికలో తక్కువగా గుర్తుంచుకునే అంశం మరొకటి ఉంది. సీట్లు వచ్చినంత మాత్రాన పేద ప్రేక్షకుడు దూరం కానక్కర్లేదని, ధరలను అందుకు తగినట్లు నిర్ణయించవచ్చని టేలర్ భావించారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో నిలబడే చోటుకు 4 పౌండ్లు, సీటుకు 6 పౌండ్లు మాత్రమే వసూలు చేస్తున్నారని ఉదాహరణ కూడా చూపారు. సీట్ల సిఫారసు అమలైంది. ధరల సూచన కాగితంపైనే ఉండిపోయింది.

1992లో ప్రీమియర్ లీగ్ ఆవిర్భవించాక టెలివిజన్ డబ్బు వరదలా వచ్చింది. 2016 నుంచి మూడు సీజన్ల దేశీయ ప్రసార హక్కులే 510 కోట్ల పౌండ్లకు పైగా పలికాయి. టికెట్ ఆదాయంపై ఆధారపడవలసిన అవసరం తగ్గిన ఆ రోజుల్లోనే ధరలు పెరిగాయన్నది అభిమానుల ప్రధాన ఆక్షేపణ. 2016 ఫిబ్రవరిలో కొత్త గ్యాలరీలో గరిష్ఠ ధరను 77 పౌండ్లుగా ప్రకటించినందుకు నిరసనగా లివర్‌పూల్ అభిమానులు దాదాపు 10,000 మంది మ్యాచ్ 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0 ఆధిక్యంలో ఉన్న జట్టు ఆ మ్యాచ్‌ను 2-2తో ముగించింది. కొద్ది రోజుల్లోనే యజమానులు ఆ ధరను ఉపసంహరించుకున్నారు. ప్రత్యర్థి మైదానానికి వెళ్లే అభిమానుల టికెట్ 30 పౌండ్లు మించకూడదన్న పరిమితి కూడా 2016-17 సీజన్ నుంచే అమలులోకి వచ్చింది.

అయితే ఈ విజయాలు అందరికీ వర్తించే ధరల విషయంలో దక్కినవి. రాయితీల దిశ వేరు. స్టేడియం ప్రతి వారం నిండుతున్నప్పుడు రాయితీ టికెట్ అంటే క్లబ్బు లెక్కలో నష్టమే. ఆ సీటును పూర్తి ధరకు కొనేవారు వరుసలో సిద్ధంగా ఉంటారు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ మిగిలిన సీజన్ టికెట్లను సభ్యులకు 66 పౌండ్ల ఒకే ధరకు అమ్మాలని నిర్ణయించి, పిల్లలకు, వృద్ధులకు రాయితీ లేకుండా చేసింది. వయసు ఆధారంగా దక్కే రాయితీకే భరోసా లేనిచోట నిరుద్యోగికి చోటు దొరుకుతుందని ఆశించడం కష్టం.

స్టేడియం నిండితే రాయితీ పోవడం అనివార్యమా? కాదనడానికి జర్మనీయే నిదర్శనం. బొరుసియా డార్ట్‌మండ్ స్టేడియంలో దాదాపు 25,000 మంది నిలబడి చూసే దక్షిణ గ్యాలరీ ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది, అయినా అక్కడి టికెట్ చవకే. అక్కడ 1998 నుంచి అమలులో ఉన్న ‘50 ప్లస్ 1’ నియమం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, క్లబ్బుపై మెజారిటీ ఓటు హక్కు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. టికెట్ ధర నిర్ణయించేవారిని ఎన్నుకునేది టికెట్ కొనేవారే. అత్యంత చవకైన సీజన్ టికెట్ ధర పెంచితే మరో 20 లక్షల పౌండ్లు రావచ్చని, ఆటగాడి బదిలీ బేరంలో అది ఐదు నిమిషాల చర్చకు సరిపోయే మొత్తమని, అభిమానికి మాత్రం ఆ తేడా చాలా పెద్దదని బయర్న్ మ్యూనిక్ సారథి ఉలి హోనెస్ ఒకసారి వివరించారు.

ఉపాధి లేని మనిషికి ఆట టికెట్ అంత ముఖ్యమా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు దారి చూపే అధ్యయనం 1933లోనే వెలువడింది. వియన్నా సమీపంలోని మరియంతాల్ గ్రామంలో బట్టల మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని కోల్పోయింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు అక్కడి జీవనాన్ని నమోదు చేశారు. కావలసినంత తీరిక ఉన్నా జనం చదవడం తగ్గించారు. రుసుము ఎత్తివేసినప్పటికీ గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. నిరుద్యోగులకు ప్రత్యేక తగ్గింపు ధర ఉన్నప్పటికీ కార్మిక దినపత్రిక చందాలు క్షీణించాయి. వీధిలో నడిచే మగవారి అడుగులు సైతం నెమ్మదించాయి. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక క్రమాన్ని, నలుగురితో సాంగత్యాన్ని, ఉమ్మడి లక్ష్యాన్ని, గుర్తింపును ఇస్తుందని యహోదా తర్వాతి రచనల్లో వివరించారు. రెండు వారాలకొకసారి అదే వేళకు, అదే చోట, అవే ముఖాల మధ్య నిలబడేలా చేసే సీజన్ టికెట్ వాటిలో కొన్నింటినైనా తిరిగి ఇస్తుంది. ధర తగ్గించడం ఒక్కటే మనిషిని ఇంటి నుంచి కదిలించదన్న హెచ్చరిక కూడా మరియంతాల్ అనుభవంలోనే ఉంది.

రాయితీ పొందే విధానం ముఖ్యమయ్యేది ఇక్కడే. 2013 ఆరంభంలో స్పెయిన్‌లో నిరుద్యోగ రేటు 27 శాతానికి చేరువైంది. అక్కడ పని కోరుతున్నట్లు ఉపాధి కార్యాలయం ఇచ్చే పత్రాన్ని సాధారణంగా మూడు నెలలకోసారి పునరుద్ధరించుకోవాలి; ఫుట్‌బాల్ సీజన్ తొమ్మిది నెలలకు పైగా సాగుతుంది. అప్పట్లో ఉద్యోగుల్లో దాదాపు నాలుగింట ఒక వంతు తాత్కాలిక ఒప్పందాలపై ఉన్న ఆ దేశంలో ఆరు వారాల పని దొరికిన అభిమాని రాయితీ ఏమవుతుంది? టికెట్ కొనేటప్పుడు ఒక్కసారి పత్రం చూస్తే ఈ చిక్కు ఉండదు. జర్మన్ క్లబ్బుల్లో సాధారణంగా మ్యాచ్ రోజున కూడా ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. గేటు దగ్గర అడిగితే వెనుక వరుసలో ఉన్నవారందరి ఎదుటా చూపించాలి. సిగ్గుపడకుండా నలుగురిలోకి రాగలగడం కూడా కనీసావసరమేనని ఆడమ్ స్మిత్ 1776లో చెప్పిన మాటను అమర్త్య సేన్ పలుమార్లు ప్రస్తావించారు. పేదలను వడపోసి ఇచ్చే సాయం వారిపై ముద్ర వేస్తుందని కూడా సేన్ హెచ్చరించారు. రేషన్ దుకాణం వరుస తెలిసిన భారతీయ పాఠకులకు ఇది కొత్త విషయం కాదు.

ధ్రువపత్రమే లేకుండా చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని చిన్న క్లబ్బు అల్బియన్ రోవర్స్ 2014లో సీజన్ టికెట్‌కు ఎవరు ఇవ్వగలిగినంత వారు ఇవ్వవచ్చని ప్రకటించింది. జర్మనీ రెండో శ్రేణి క్లబ్బు ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్ 2023-24లో మూడు సొంత మ్యాచ్‌లకు అందరికీ ఉచిత ప్రవేశం కల్పించి, ఖర్చును ప్రాయోజకుల నుంచి రాబట్టుకుంది. టికెట్లను లాటరీ తీసి పంచింది. దీనిలో సిగ్గుకు తావు లేదు, అయితే అవసరం ఉన్నవారికే టికెట్ దక్కుతుందన్న హామీ కూడా లేదు.

అవసరం ఉన్నవారెవరో చెప్పడమే ఇప్పుడు కష్టమైపోయింది. బ్రిటన్‌లో 2013 నుంచి పాత భృతుల స్థానంలో వచ్చిన ‘యూనివర్సల్ క్రెడిట్’ పొందేవారిలో దాదాపు మూడింట ఒక వంతు ఏదో ఒక పని చేస్తున్నవారే. గిడ్డంగిలో వారానికి పదిహేను గంటల పని మాత్రమే దొరికిన కార్మికుడు లెక్కల్లో నిరుద్యోగి కాడు. యూబీ40 కార్డు కాలంలో ఈ రెండు వర్గాలను విడదీయడం సులభం. ఈనాడు ‘నిరుద్యోగి’ అని రాసిన చోట ఆ కార్మికుడికి రాయితీ అందదు. ‘భృతి పొందేవారు’ అని రాస్తే అందుతుంది.