మొదటి స్టేజీకి ఏ పాట?

"అమ్మా, మేం నలుగురం కలిసి బ్యాండు పెట్టాం!"

మా చిన్నమ్మాయి ఈ మాట అన్నప్పుడు నేను పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. మా కోటబొమ్మాళిలో బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో వాయించేదే కదా! "ఎవరి పెళ్ళికే?" అన్నాను. నలుగురూ పడీ పడీ నవ్వారు. తొమ్మిదో తరగతి గుంటలు. ఒకమ్మాయికి గిటారు, ఒకమ్మాయికి కీబోర్డు. ఇంకో అమ్మాయి చెక్కపెట్టె మీద కూర్చుని ఆ పెట్టెనే వాయిస్తుంది, దాన్ని కహోన్ అంటారట. మా అమ్మాయి పాడుతుంది. పాడేది తెలుగూ కాదు, హిందీ కాదు... జపాన్ పాట!

ఎదిగే పిల్లలున్న తల్లులకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. యానిమే అని పిలిచే జపాన్ బొమ్మల కథలు ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చేశాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా మన హాళ్ళలో తెలుగు మాటలతో కూడా ఆడింది. ఆ కథ టీవీలో వచ్చినప్పుడు మొదట్లో వినిపించే పాట పేరు 'గురెంగె'. 2019లో లిసా అనే గాయని పాడింది. మావాళ్ళు ఏరికోరి దాన్నే పట్టుకున్నారు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. అది చాలా వేగంగా నడిచే పాట, గొంతు పైపైకి లాగే పాట. పిల్లలు ఒకటికి రెండుసార్లు "కష్టంగా ఉందమ్మా" అన్నారు. "పెద్ద పాటే పాడండి, నలుగురిలో పేరొస్తుంది" అన్నది నేనే! తీరా బడి వార్షికోత్సవంలో ఏమైంది? సగం పాట దాటేసరికి మా అమ్మాయి గొంతు జీరపోయింది. గిటారు వెనకబడింది, పెట్టె ముందుకెళ్ళిపోయింది. పాట మధ్యలో ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. పిల్ల స్టేజీ దిగి నావైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు ఇంట్లో కూనిరాగం కూడా వినపడలేదంటే నమ్ముతారా? అన్నానికి పిలిస్తే 'ఊఁ', చదువుకోమంటే 'ఊఁ'.

కొత్తగా కాపురానికొచ్చిన పిల్లచేత మొదటి రోజే వందమందికి బొబ్బట్లు చేయిస్తామా? చారు పెట్టమంటాం. వంటింట్లో తెలిసిన ఈ సంగతి పాట దగ్గర నాకు తట్టలేదు.

జపాన్‌లో పిల్లలు ఈ పని ఎలా చేస్తారో తర్వాత తెలుసుకున్నాను. అక్కడ చాలా హైస్కూళ్ళలో గిటారూ డ్రమ్ములూ వాయించేవాళ్ళకి ఒక సంఘం ఉంటుంది. 'కేయిఒన్ బు' అంటారు, లలిత సంగీత సంఘం అన్నమాట. ఏటా బడిలో 'బుంకసాయ్' అనే పండగ చేస్తారు. కొత్తగా నేర్చుకున్న పిల్లలు మొదటిసారి స్టేజీ ఎక్కేది చాలావరకు అప్పుడే. సొంత పాటల జోలికి పోకుండా ముందు ఇతరుల పాటలు వాయిస్తారు. దీనిమీద 2005లో నోబుహిరో యమషిత 'లిండా లిండా లిండా' అని సినిమా తీశాడు. పండగ మూడు రోజుల్లోకి వచ్చేస్తుంది, బ్యాండులో పిల్లలు విడిపోతారు. మిగిలిన ముగ్గురూ కొరియా నుంచి చదువుకోవడానికొచ్చిన అమ్మాయిని పాడమంటారు. ఆ పిల్లకి జపాన్ మాటలే సరిగా రావు! ఇక ఏ పాటా అని వెతికి, 'ది బ్లూ హార్ట్స్' అనే బ్యాండు 1987లో పాడిన 'లిండా లిండా' పట్టుకుంటారు.

ఆ పాట వాళ్ళకి ఎందుకు పనికొచ్చిందో వింటే తెలిసిపోతుంది. మొదట్లో మెల్లగా ఉంటుంది, పాడే పిల్లకి ఊపిరి కుదురుకోవడానికి వీలు. తర్వాత ఒక్కసారిగా ఊపందుకుంటుంది. పల్లవిలో ఆ పేరే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మాట మరిచిపోయినా పేరు మరిచిపోరు, వినేవాళ్ళూ రెండోసారికే గొంతు కలుపుతారు. మన జముకుల కథలో వంతపాట చేసే పని ఇదే కదండీ! అంతెందుకు, 2023లో వచ్చిన 'కోటబొమ్మాళి పి.ఎస్.' సినిమాలో 'లింగి లింగి లింగిడి' పాట ఊరూరా ఎలా మోగిందో గుర్తుందా? ఆ లింగిడికీ ఈ లిండాకీ చుట్టరికం లేదు గానీ కిటుకు ఒక్కటే.

కాస్త నెమ్మదైన పాట కావాలంటే 'స్పిట్జ్' బ్యాండు 1996లో పాడిన 'చెర్రీ' ఉంది. అక్కడ గిటారు కొత్తగా పట్టినవాళ్ళు తరచూ నేర్చుకునే పాట అది. ముఖ్యంగా సి, జి, ఏ మైనర్, ఇ మైనర్, ఎఫ్... ఈ అయిదు కార్డుల మీదే తిరుగుతుంది. కార్డు అంటే మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి కలిపి మోగించడం. ఇందులో ఎఫ్ ఒక్కటే పిల్లల్ని ఏడిపిస్తుంది, చూపుడు వేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ నొక్కాలి. సన్నవైపు నాలుగు తీగలు మాత్రం నొక్కి వాయించినా మొదట్లో సరిపోతుంది. లోటు కీబోర్డు పూడుస్తుంది.

పాట ఎంచడంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పాడే పిల్ల గొంతు. కేసెట్టులో ఉన్న శ్రుతిలోనే పాడాలని నియమం లేదు. పాటలో అన్నిటికన్నా పైకెళ్ళే చోటు ఏదో చూసి, ముందు అక్కడే పాడించండి. మెడ నరాలు పొంగకుండా మూడుసార్లు పాడగలిగితే ఆ శ్రుతి సరే. లేకపోతే దించండి. కీబోర్డుకి ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది. గిటారుకి శ్రుతి పెంచాలంటే కేపో అనే బిగింపు చాలు, దించాలంటే కార్డులు మార్చుకోవాలి. మగగొంతు పాటని ఆడపిల్లలు పాడేటప్పుడు ఇది మరీ అవసరం.

రెండోది వేగం. అసలు పాట ఎంత జోరుగా ఉన్నా మన పిల్లల చేతులు కార్డు మార్చుకోగలిగిన వేగమే వేగం. మధ్యలో గిటారు ఒంటరిగా చేసే విన్యాసం ఉంటే నిర్మొహమాటంగా కోసేయండి.

భాష సంగతి? ఇందులో మనకో అదృష్టం ఉంది. తెలుగులాగే జపాన్ మాటలూ చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, కాకపోతే 'న్'తో. అందుకే తెలుగు అక్షరాల్లో రాసుకుంటే దాదాపు పలికినట్టే వస్తాయి. దీర్ఘాలు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోవాలి, తేడా వస్తే అర్థం మారిపోతుంది. వాళ్ళకి 'ల' విడిగా లేదు, రకీ లకీ మధ్యలో పలుకుతారు. లిండాని 'రిందా' అన్నట్టే అంటారు! మాటలకి అర్థం కూడా తెలుసుకోమనండి. అర్థం తెలియని పాట మొహంలోకి రాదు.

మూడు నెలల మౌనం తర్వాత, ఒక ఆదివారం కీబోర్డు పిల్ల ఇంటికొచ్చి 'లిండా లిండా' వినిపించింది. నేను ఈసారి నోరు మెదపలేదు. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా మా డాబా మీద సాధన, ఆరు తర్వాత చదువు. పక్కింటివాళ్ళకి ముందే చెప్పుకున్నాం. ఇంత మరమరాల పిడత కలిపి పైకి పంపడం నా వంతు. పాట మొదలూ చివరా ఎక్కువసార్లు చేశారు, నలుగురూ ఒక్కసారి ఎత్తుకోవడం, ఒక్కసారి ఆపడం. ఇంకోటి వాళ్ళే కనిపెట్టారు. సాధన మధ్యలో ఒకరు కావాలని తప్పు చేస్తారు, మిగతావాళ్ళు ఆగకూడదు! దారి తప్పినవాళ్ళు పల్లవి రాగానే వచ్చి కలవాలి. ఇది చేశాక మా అమ్మాయి భయం సగం తగ్గిందనుకుంటాను.

సంక్రాంతికి మా వీధిలో పిల్లల కార్యక్రమాలు పెట్టారు. రెండు స్పీకర్లు, ఒక మైకు, ముందు చాపల మీద ముసలమ్మలు. నేను జనంలో కూర్చోలేక అరుగు చివర నిలబడ్డాను. రెండో చరణంలో మా అమ్మాయి ఒక మాట మరిచిపోయింది. నా గుండె ఆగింది గానీ పెట్టె ఆగలేదు. పల్లవి వచ్చింది, పిల్ల అందుకుంది. చాపల మీద చిన్నపిల్లలు కూడా 'లిండా' అని అరిచారు.

పాటయ్యాక మా అత్తగారు మనవరాల్ని పిలిచారు. "ఏటే, లింగిడి పాటనే తిరగేసి పాడినారా?"

"కాదు నానమ్మా, జపాన్‌వాళ్ళ పాట!"

"ఎవులుదైతే ఏటి గానీ, ఇంకోటి పాడండి."

నలుగురూ మొహాలు చూసుకున్నారు. "మాకు ఇదొక్కటే వచ్చు నానమ్మా" అంది మా అమ్మాయి.

అదే మళ్ళీ పాడారు.