చెప్పుల స్టాండు పక్కన బల్ల

గుళ్ళో చెప్పుల స్టాండు పక్కన మడత బల్ల వేసుకుని కూర్చోవడంతో మా మూలకణ దాతల నమోదు మొదలైంది. లోపలికి వెళ్ళేవాళ్ళు హడావిడిలో ఉంటారు, పలకరించినా ఆగరు. దర్శనం అయ్యాక ప్రసాదం చేత్తో పట్టుకుని, పిల్లల బూట్లు వెతుక్కునేటప్పుడు మాత్రం రెండు నిమిషాలు నిలబడి వింటారు.

లుకేమియా, తలసేమియా లాంటి జబ్బుల్లో కొందరికి వేరొకరి రక్త మూలకణాలే దిక్కు. దానికి బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు, కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు కలవాలి. అవి తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. అందుకే సొంత తోబుట్టువుతో కూడా పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇంట్లో దొరక్కపోతే ఎక్కువగా మన జాతివాళ్ళలోనే వెతకాలి. అమెరికా రిజిస్ట్రీ ఎన్‌ఎమ్‌డీపీ లెక్కల్లో పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం తెల్లవారికి 79 శాతం, ఆసియావారికి 47 శాతం. రిజిస్ట్రీలో మనవాళ్ళ పేర్లు తక్కువ. డాక్టర్లు కోరేది 18 నుంచి 35 ఏళ్ళ లోపు దాతల్ని. అంటే మన పిల్లల్ని.

ఒక శనివారం ఓ కుర్రాడు నమోదు కోసం బుగ్గ లోపల రుద్దుకునే పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. అంతలో వాళ్ళమ్మ గబగబా వచ్చింది. "వద్దు నాన్నా, వెన్నులోంచి తీస్తారట. రేపు నడుం పడిపోతే?" వాడు పుల్ల బల్ల మీద పెట్టేశాడు.

"వెన్ను జోలికే పోరు అక్కయ్యగారూ," అన్నాను. చాలామంది దగ్గర చేతి నరం నుంచి రక్తం తీసి, మిషన్‌లో మూలకణాలు వేరుచేసి, మిగతా రక్తం తిరిగి ఎక్కిస్తారు. దానికి ముందు అయిదు రోజులు ఇంజక్షన్లు ఉంటాయి. వాటితో ఒళ్ళునొప్పులు, తలనొప్పి వస్తాయి, ఆ సంగతీ దాచలేదు. కొందరికే మత్తిచ్చి తుంటి ఎముక వెనక నుంచి మజ్జ తీస్తారు. ఆవిడ అంతా విని, "ఇంట్లో మాట్లాడుకుంటాం తమ్ముడూ" అని కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నాకు బాధ కలగలేదు. తొందరలో పేరు రాసి, తీరా పిలుపొచ్చాక వెనక్కి తగ్గితే రోగికి ఉన్న ఆశా పోతుంది. మార్పిడికి ముందు గట్టి కీమో ఇచ్చి రోగి మజ్జను చంపేస్తారు. ఆ తర్వాత దాత రానంటే ప్రాణానికే ముప్పు. అందుకే ఒక్కరోజులో వందమంది నోళ్ళు తడమడం కంటే, పదిమంది ఇళ్ళల్లో ఈ మాట భోజనాల దగ్గర నలగడమే నాకు కావాలి. మా కరపత్రం కూడా తెలుగులో, పెద్దక్షరాల్లో వేయించింది అమ్మమ్మలూ నానమ్మలూ చదువుతారనే. ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టే చోట అవే పెట్టాం.

రెండు వారాలకు ఆవిడ ఒక్కతే వచ్చింది. "మా సహస్రనామ పారాయణానికి పదిహేనుమంది వస్తారు. అందరికీ ఎదిగిన పిల్లలున్నారు. కాగితాలివ్వు," అంది. వాళ్ళబ్బాయి ఆ తర్వాతి శనివారం వచ్చి నమోదయ్యాడు.

రెండు రోజుల మన తెలుగు సంబరాల్లో మా బల్ల భోజనాల హాలు గుమ్మం పక్కనే ఉంటుంది. వెన్ను గురించి భయముంటే నన్ను కాదు, ఆవిడనే అడగండి. రెండు రోజులూ అక్కడే కూర్చుంటానంది.