ఏడుకొండల గోడ మీద ఒక గీత

తిరుపతి నుండి బస్సులో తిరుమల కొండ ఎక్కేటప్పుడు కిటికీ ప్రక్క చోటు కోసం మీరు పోట్లాడుకొనే ఉంటారు. క్రింద ఊరు బొమ్మల కొలువులా కనిపిస్తూంటే అందరి చూపూ లోయ వైపే! ఈసారి రెండవ వైపు చూడండి. అక్కడ రోడ్డు కోసం తొలిచిన కొండగోడ ఉంది.

తిరుమల ఊరు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఈ కొండలన్నిటిలో ఎత్తైన నారాయణగిరి శిఖరం ఎత్తు సుమారు 1,100 మీటర్లు. ఇంత ఎత్తున ఉన్న రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుక అంటే నమ్ముతారా?

కొండ దిగువ భాగం గ్రానైటు. భూగర్భంలో కరిగి ఉన్న పదార్థం చల్లారి ఇది ఏర్పడింది. అందుకే ఇందులో పొరలుండవు. దీని వయస్సు 200 కోట్ల ఏళ్ళకు పైమాటే! దీనిపై ఉన్న నేల అరిగిపోయి గ్రానైటు బయటపడింది. ఎండా వానా దానినీ కోట్ల ఏళ్ళు అరగదీశాయి. తరువాత లోతు తక్కువైన సముద్రం దానిని కప్పింది. ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, గట్టిపడి, క్వార్ట్‌జైటు అనే రాయి అయింది. పుస్తకాలు పేర్చినట్లు పైన కనిపించేది అదే. భూమి కదలికల వల్ల అదంతా పైకి లేచింది.

ఈ రెండు రాళ్ళూ కలిసే గీతను ‘ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ’ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. గీతకు పైన, క్రింద ఉన్న రాళ్ళ వయస్సులో కనీసం 50 కోట్ల ఏళ్ళ తేడా ఉంది. ఆ కాలపు పుటలు ఇక్కడ చిరిగిపోయాయన్నమాట!

కొండ కథ ముగిసిందా? లేదు. 2021 నవంబరులో భారీ వానలు కురిశాయి. డిసెంబరు 1న పెద్ద బండలు దొర్లిపడి, కొండ ఎక్కే ఘాట్ రోడ్డు దెబ్బతిన్నది. క్వార్ట్‌జైటు చాలా గట్టిదే. కాని దానిలో పగుళ్ళున్నాయి. వాననీరు, చెట్ల వేళ్ళు వాటిలో దూరి బండలను వదులు చేస్తాయి. అందుచేత వానల్లో ఘాట్ రోడ్డు మూసివేస్తే విసుక్కోకండి.

ఇంటివద్ద ఇలా చేసి చూడండి. గాజు గ్లాసులో తడి బంకమట్టిని ఏటవాలుగా అద్ది, బాగా ఆరనివ్వండి. దానిపై ఇసుక కలిపిన నీరు మెల్లగా పోయండి. ఇసుక పేరుకొన్నాక ప్రక్క నుండి చూడండి. మట్టికీ ఇసుకకూ మధ్య ఒక గీత కనిపిస్తుంది. మట్టి ఆరడానికి పట్టిన కాలమంతా ఆ గీతలోనే దాగి ఉంది.