మీకు తెలుసా? పాత ఆటకు కొత్త ఇంజిన్

1990లో వచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ ఆటను ఇప్పటి ఫోన్‌లో కూడా ఆడొచ్చు. నిజానికి అది డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నాటిది. నేటి 64 బిట్ విండోస్ దాని అసలు ప్రోగ్రామును తెరవనే తెరవదు!

కిటుకంతా ఆ ఆటను తయారుచేసిన తీరులోనే ఉంది. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో రాన్ గిల్బర్ట్ బృందం 1987 నాటి ‘మేనియాక్ మాన్షన్’ కోసం ‘స్కమ్’ అనే పద్ధతి తెచ్చింది. కథ, బొమ్మలు, మాటలు, చిక్కుముడులు అన్నీ డేటా ఫైళ్లలో ఉంటాయి. వాటిని చదివి తెర మీద ఆడించే ఇంజిన్ వేరు. పౌరాణికుడు మారినా పురాణం మారదు కదా, అలాగన్నమాట. 2001లో స్వీడన్ ప్రోగ్రామర్ లుడ్విగ్ స్ట్రిగేయస్ మొదలుపెట్టిన ‘స్కమ్‌వీఎం’ చేసింది సరిగ్గా ఇదే: డేటాను ముట్టుకోకుండా ఇంజిన్‌ను కొత్తగా రాయడం. ఇప్పుడది సియెర్రా వంటి ఇతర సంస్థల ఆటలనూ నడుపుతుంది.

పాత ఆటలను ఆడించే మరో ప్రోగ్రాము ‘డాస్‌బాక్స్’ దారి వేరు. అది ఏకంగా పాత కంప్యూటర్‌నే అనుకరిస్తుంది.

స్కమ్‌వీఎం ఉచితమే గానీ, ఆట ఫైళ్లు మాత్రం మనం కొనుక్కున్నవై ఉండాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ వారి 1994 నాటి ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ 2003 నుంచి అందరికీ ఉచితం. మొదటిసారి ప్రయత్నించేవారు దానితో మొదలుపెట్టవచ్చు.