తొలి పరుగు

మేడ్చలు మీదుగా 44వ జాతీయ రహదారి, శామీరుపేట మీదుగా కరీంనగరుకు రాజీవ్ రహదారి సాగిపోవుచున్నవి. విప్పి మరల కూర్చిన టర్బో ఇంజనుగల కారును ఇట్టి తిన్నని బాటపై తరుముటకు ఎవరికైనను మనసగును. కాని ఆ ఇంజను ఆయువు చాలవరకు తొలి పరుగులోనే నిర్ణయమగును.

సిలిండరు గోడపై సాననుండి వచ్చిన సన్నని గీతలు పిస్టను రింగులను ఒరసి కుదుర్చును. అందుకు మితమైన ఒత్తిడి కావలెను. నిలిపియుంచి ఊరక తిప్పినచో రింగులు కుదురక నూనె కాలిపోవును. ఆరంభముననే పూర్తిబలముతో తరిమినచో వేడిమికి లోహము గీరుకొనును. గారాబము, కాఠిన్యము రెండును చేటే.

1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి పేటెంటుతో ఆరంభమైన ఈ టర్బో, వెలువడు పొగబలముతోనే ఇంజనుకు అదనపు గాలి నందించును. నిమిషమునకు లక్షకు పైగా తిరుగగల దాని ఇరుసుకు పలుచని నూనెపొరయే ఆధారము. కనుక వేగమును మార్చుచు నడపవలెను. ఆపుటకు ముందు కొంతసేపు నెమ్మదిగా తిరుగనీయవలెను. లోహపురజను చేరిన తొలి నూనెను త్వరగా మార్చవలెను.