నలుపు తెలుపు పటములకు నకళ్లు తీయించుట

పెద్దల పటములకు నకళ్లు తీయించు వాడుక మన ఇండ్లలో నానాటికి పెరుగుచున్నది. అన్నదమ్ములు వేరుపడి బెంగుళూరున కొకరు, హైదరాబాదున కొకరు పోయినపుడు అవ్వ పటము అందరికిని కావలసియుండును; ఉన్నది మాత్ర మొక్కటియే. దానిని స్టూడియోవారి కిచ్చి నాలుగు నకళ్లు తెప్పింతుము. తీరా చూడగా ఒకదానిలో అవ్వ మొగము ఆకుపచ్చ దేరియుండును, వేరొకదానిలో వంకాయచాయ తిరిగియుండును. నలుపు తెలుపు పటములోనికి రంగెక్కడినుండి వచ్చినదా యని ఆశ్చర్యపడని గృహిణి యుండదు. దీని మర్మము కష్టమైనది కాదు. తెలిసికొన్నచో స్టూడియోలో అడుగవలసిన మాట అడుగగలము.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాతపటముల అట్టలమీద బళ్లారి పేరు కనబడిన వింత లేదు. 1953 వ సంవత్సరము అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే గదా. నాటి పటములో నలుపనగా సిరా కాదు, వెండి. జిలాటిను పూతలో నిలిచిన సన్నని వెండి రేణువులే మనకు నలుపుగా కనబడుచున్నవి. అంతటను ఒకే పదార్థము గనుక గాఢమైన నలుపు మొదలు లేతబూడిద వరకు చాయలో తేడా యంతగా రాదు. మరియొక విశేషము కూడ కలదు. నాటి ఫిల్ములలో ననేకము ఎరుపును గుర్తింపలేనివి. అందుచే ఎర్రచీర నల్లచీర వలెను, నుదుటి కుంకుమ కాటుకబొట్టు వలెను పడినవి. ఆ బొట్టును మరక యనుకొని తుడిచివేయు పనివారు కలరు. తుడువనీయకుడు.

ఇప్పటి ప్రింటరులో వెండి లేదు. ఆకాశనీలము, మెజెంటా యను గాఢగులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు సామాన్యముగా నుండును. లేతబూడిదను ఒక్క నల్లసిరాతోనే తీయబూనిన చుక్కలు దూరదూరముగా పడి బుగ్గమీద ఇసుక చల్లినట్లుండును. కావున యంత్రము తక్కిన మూడు రంగులను కలిపి బూడిదను పుట్టించును. ఆ మూటిలో నొకటి వీసమెత్తు హెచ్చినను చాయ ఒకప్రక్కకు ఒరుగును. పూలచీరలో కొంచెము ఎరుపు హెచ్చిన మన కన్ను క్షమించును గాని, బూడిదలో రవంత పచ్చదనమును క్షమింపదు. ల్యాబులలో రంగుకాగితముమీద రసాయనములతో తీయు పటములకును ఈ చిక్కు తప్పదు; అందును నలుపు మూడు రంగుపొరల కలయికయే.

ఎమ్మిగనూరివారి కీ సంగతి క్రొత్త కాదు. 1938 లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన యూరది. నిన్నటి తొట్టిలో అద్దిన నల్లనూలును, నేటి తొట్టిలో అద్దిన నల్లనూలును ఒకే మగ్గమున కెక్కించినచో గుడ్డమీద చార కనబడవచ్చును. ఒకే రంగు నూలుకు పట్టినట్లు పట్టుకు పట్టదు. సిరాయు కాగితమును నిట్టివే. అందుచేత ఏ ప్రింటరు, ఏ సిరా, ఏ కాగితము కూడినవో ఆ మూటికి సరిపోవు లెక్కపట్టిక యొకటి కావలెను. దానినే ప్రొఫైలందురు. వందలకొలది రంగుగళ్లను ఆ కాగితముపై ముద్రించి, ఆరనిచ్చి, ఒక్కొక్క గడిని స్పెక్ట్రోఫోటోమీటరు అను పనిముట్టుతో కొలిచి, ఇంత సిరా వేసిన ఇంత చాయ వచ్చునని కంప్యూటరునకు దెలుపు పట్టిక యది. కంపెనీ కొక తీరుగా నుండిన వ్యవహారము సాగదని 1993 లో ఎనిమిది కంపెనీలు కూడి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియమును స్థాపించినవి. ఐ.సి.సి. ప్రొఫైలను పేరు దానినుండియే వచ్చినది.

కాగితము మారిన ఆ పట్టిక చెల్లదు. కంపెనీ సిరా యయిపోయి చవుకసిరా నింపినను చెల్లదు. పచ్చమొగములకు ముఖ్యకారణములలో నిది యొకటి యని మా యభిప్రాయము. దిద్దుబాటు రెండుమార్లు జరుగుట మరియొక కారణము. ఫోటోషాపులో నొకసారి పట్టిక ప్రకారము దిద్ది పంపగా, ప్రింటరు తానును మరల దిద్దును. ఇద్దరు తోడికోడండ్రు ఒకరికి తెలియకుండ నొకరు పులుసులో ఉప్పు వేసినట్లగును. ఆ పని ఎవరో యొకరికే యప్పగింపవలెను.

వెలుతురు మాట మనకు అనుభవమే. దుకాణములో దీపముక్రింద చీరకు జతకూడిన రవికగుడ్డ ఇంటి వాకిట ఎండలో చూడగా జతకూడదు. రంగులు కలిపి చేసిన బూడిద కూడ నట్లే ట్యూబులైటు క్రింద నొకవిధముగను, పగటివెలుతురున నొకవిధముగను కనబడును. కావున నకలును స్టూడియోలోపలనే చూచి సొమ్ము చెల్లింపక, వాకిటికి తెచ్చి నీడపట్టున అసలుపటము ప్రక్కన పెట్టి చూడుడు.

ఈ బాధ తగ్గించుటకై ఎప్సన్ కంపెనీ 2005 లో గాఢము, లేత, మరింత లేత యను మూడు నల్లసిరాలు గల ప్రింటర్లను తెచ్చెను. నలుపు తెలుపు పటములకు ప్రత్యేకమైన పద్ధతియు వానిలో కలదు. రంగుసిరాలు మిక్కిలి తక్కువగా ఖర్చగును. అమెరికాలో జాన్ కోన్ అను నాయన పీజోగ్రఫీ యను పేర, రంగులను విడిచి బొగ్గురేణువుల సిరాలనే పలు మెట్లుగా నింపు పద్ధతిని వ్యాపింపజేసెను. బొగ్గన్న మన కాటుకకు చుట్టమే. ఎండకు సులభముగా వెలియదు. కొంచెము గోధుమచాయ గొట్టును గాని పాతపటమున కది యొప్పును. ఇట్టి ప్రింటరు చిన్న యూళ్ల స్టూడియోలన్నిటను ఉండదు. అడిగి చూచి, లేనిచో అవ్వ పటమొక్కటి నగరమున కంపినను నష్టము లేదు.

కాగితముల లోను భేదము కలదు. మెరుగుకాగితమునకు ఫోటో బ్లాకు, మెరుగులేని దానికి మ్యాట్ బ్లాకు అని వేర్వేరు నలుపులు. ఒకదానికి బదులొకటి పడిన నలుపు వెలవెలబోవును. ఆదోని పత్తిబేళ్ల నడుమ పెరిగిన మనకు ముచ్చట గొలుపు సంగతి యేమనగా, చిరకాలము మన్నుటకై వాడు మేలైన పటపు కాగితము పత్తితో చేసినదే. వెల హెచ్చు. చిన్నపటము నొక్కదానికి చాలునంత కొన్న చాలును.

స్టూడియోకు పోయినపుడు, “అన్నా, ముందు ఒక చిన్న ముక్క తీసి చూపించన్నా” అని యడుగుటకు సంకోచింపవలదు. నలుపునుండి తెలుపువరకు మెట్లుమెట్లుగా నున్న బూడిదపట్టీని మొగముతోబాటు ఆ ముక్కలో తీయింపుడు. ఏ మెట్టున రంగు తొంగిచూచినను తెలిసిపోవును. చివరి నల్లమెట్లు రెండును కలిసిపోయిన, చీర అంచును కొప్పును గూడ చీకటిలో కలిసిపోవును. కంప్యూటరు తెర మిక్కిలి వెలుగుచున్నపుడు పనివాడు చిత్రమును తగ్గించి దిద్దును. కాగితముమీద నది మసిబారుట కిదియే హేతువు. చిన్నపటమైన స్కానరులో అంగుళమునకు 600 చుక్కలకు తగ్గకుండ తీయుమనుడు.

ఇటీవల పాతపటమును క్షణములో బాగుచేయు సాధనములు వచ్చినవి. చెరిగిన కన్నును అవి వెదకి తీయవు. ఇట్లుండవచ్చునని వేరొక కన్నును కల్పించి పెట్టును. ఎన్నడు నవ్వని అవ్వ పటములో నవ్వుచుండును. చూచుటకు సొగసే, గాని పిల్లలు ఆ మొగమునే అవ్వ యనుకొందురు. గీతలు, మరకలు తీయించి, మొగము జోలికి పోనీయకుండుట మేలు.

తెచ్చిన నకలును ఒకదినము గాలికి ఆరనిచ్చి పిమ్మట అద్దము బిగింపవలెను. అద్దమునకు పటము తగులకుండ నడుమ అట్ట యుండవలెను. మిద్దె గవాక్షమునుండి ఎండ పడు గోడ పనికిరాదు. ఇక గోడమీద నుండవలసినది నకలే. అసలుపటమును ప్లాస్టిక్కు సంచిలో గాక కాగితపు కవరులో పెట్టి, ఎండవేడి తగులని లోపలిగదిలో దాచుడు. కవరులో నుంచుటకు ముందు, పటములోనివారి పేర్లను ఇంటి పెద్దల నడిగి అట్ట వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు.