కోడిమాంసపు తగవు – మోటారు బండ్ల సుంకము

ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరుగునని మనవారు చెప్పుదురు. గొప్ప ఆర్థిక శక్తులు కలహించినప్పుడు, పలు దేశములలో కర్మాగారములు నడుపు బహుజాతి సంస్థల గతి ఏమగును? అవియు లేగలేనా? లేక ఆ కుమ్ములాటను తప్పించుకొను నేర్పు వానికి కలదా? దీనికి సమాధానముగ ఒక కథ చెప్పవచ్చును. అది కోడితో మొదలై మోటారు బండితో నడచినది. అరువది యేండ్లు దాటినను ముగియలేదు.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలో కోళ్ల పెంపకము పెద్ద పరిశ్రమగ మారినది. ఒకే కప్పు క్రింద వేలకొలది కోళ్లను పెంచుటచే మాంసము ధర తగ్గెను. ఆ చవుక మాంసము ఓడలపై పశ్చిమ జర్మనీకి చేరి, అచ్చటి కోళ్ల రైతులకు గట్టి పోటీ అయ్యెను. 1962లో యూరపియన్ ఆర్థిక సమాజము తన ఉమ్మడి వ్యవసాయ విధానము ననుసరించి దిగుమతి మాంసముపై సుంకములు పెంచెను. అమెరికా ఎగుమతులు పడిపోయెను. సంప్రదింపులు ఫలింపలేదు. ‘గాట్’ అను అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక క్రింద ఏర్పడిన నిపుణుల సంఘము, 1963లో అమెరికాకు కలిగిన నష్టమును 2 కోట్ల 60 లక్షల డాలర్లుగ నిర్ణయించెను.

ఆ నష్టమునకు బదులుగ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరు 4న ఒక ప్రకటన చేసెను. బంగాళాదుంపల గంజిపిండి, జిగురునకు వాడు డెక్స్‌ట్రిన్, బ్రాందీ, సరకులు మోయు ట్రక్కులు – ఈ నాలుగింటిపై సుంకము పెరిగెను. ట్రక్కులపై అది 8.5 శాతము నుండి 25 శాతమైనది. 1964 జనవరి 7న అమలులోనికి వచ్చిన ఈ సుంకమునకు ‘కోడి పన్ను’ అను పేరు స్థిరపడినది. దాని గురి పశ్చిమ జర్మనీకి చెందిన వోక్స్‌వాగన్ బండ్లపై నుండెను. కోళ్లతో ఆ సంస్థకు ఏ సంబంధమును లేదు. వాణిజ్య కలహముల మొదటి లక్షణమిదియే: తగవు ఒకరిది, దెబ్బ మరియొకరిది.

ఒక్క దేశమును వేరుచేసి సుంకము వేయుటకు గాట్ సూత్రము సాధారణముగ ఒప్పుకొనదు. వేసినచో సభ్యదేశము లన్నింటికిని సమముగ వేయవలెను. కనుక యూరపుపై విసరిన రాయి తరువాతి కాలమున జపాను ట్రక్కులకు గూడ తగిలెను. అప్పుడు సంస్థలు మూడు ఉపాయములు పన్నినవి.

మొదటిది వస్తువు రూపమును మార్చుట. వెనుక సరకుల పెట్టె లేని బండిపై సుంకము 4 శాతము మాత్రమే. కావున ముందు భాగమును, చట్రమును ఓడపై తెచ్చి, పెట్టెను అమెరికాలో బిగించిరి. జపానులో తయారైన చిన్న ట్రక్కులను అమెరికన్ సంస్థలైన ఫోర్డు, జనరల్ మోటార్సులే ఈ విధముగ తెప్పించుకొన్నవి! 1980లో ప్రభుత్వము ఆ దారి మూసివేసెను. సుబారు సంస్థ మరియొక తమాషా చేసినది. ‘బ్రాట్’ అను తన చిన్న ట్రక్కు వెనుక భాగమున రెండు ప్లాస్టిక్ సీట్లు అమర్చి, ఇది ప్రయాణికుల బండియే అన్నది.

రెండవది విప్పి తెచ్చుట. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరమున పూర్తిగ తయారైన మెర్సిడెస్ ‘స్ప్రింటర్’ వ్యానులను అక్కడనే విడదీసి, భాగములను ఓడలపై దక్షిణ కెరొలీనాకు పంపి, మరల కూర్చెడివారు. కట్టిన ఇంటిని ఇటుక ఇటుకగ విప్పి పొరుగూరిలో మరల కట్టినట్లు!

మూడవది గోడ లోపలనే కర్మాగారము కట్టుట. జపానుకు చెందిన నిస్సాన్ టెన్నెసీ రాష్ట్రమున స్మిర్నాలో నెలకొల్పిన కర్మాగారము నుండి 1983లో వెలువడిన మొదటి బండి ట్రక్కే. మెర్సిడెస్ సంస్థయు 2018లో దక్షిణ కెరొలీనాలో వ్యానులను పూర్తిగ తయారుచేయు కర్మాగారమును ప్రారంభించెను.

ఈ ఉపాయములు ఎల్లప్పుడు ఫలించునవి కావు. ఫోర్డు సంస్థ 2009 నుండి 2013 వరకు తుర్కీ నుండి ‘ట్రాన్సిట్ కనెక్ట్’ వ్యానులను వెనుక సీట్లతో తెప్పించి, 2.5 శాతము సుంకము చెల్లించి, పిమ్మట సీట్లు తీసివేసి సరకుల వ్యానులుగ మార్చెను. అవి మొదటినుండి సరకుల బండ్లేనని 2019లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2024లో ఆ సంస్థ 36 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు రాజీపడెను.

సుంకమును చెల్లించునది పరదేశము కాదు. సరకు దింపుకొను దిగుమతిదారు. విప్పుట, కూర్చుట, ఓడ కిరాయి, న్యాయవాదుల రుసుము – వీనిలో పెక్కు భాగము తుదకు బండి ధరలో చేరును. అమెరికా గృహస్థు చవుకైన చిన్న విదేశీ ట్రక్కును కోల్పోయెను. గంజిపిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీలపై పెంచిన సుంకములు తరువాత తొలగినవి. ట్రక్కుల సుంకము మాత్రము నిలచినది. ఏలయన దాని నీడన పెరిగిన పరిశ్రమ దానిని విడువగోరదు.

ఇది పాతకథ యని త్రోసివేయరాదు. 2018లో అమెరికా ఉక్కుపై సుంకము వేయగా, యూరపియన్ యూనియన్ బదులుగ మోటారు సైకిళ్లపై సుంకమును 6 నుండి 31 శాతమునకు పెంచెను. ఒక్కొక్క బండికి సగటున 2,200 డాలర్ల భారము పడునని లెక్కించిన హార్లీ-డేవిడ్సన్ సంస్థ, యూరపునకు పంపు బండ్ల తయారీని అమెరికా వెలుపలికి మార్చుటకు నిశ్చయించెను. తన దేశమే మొదలిడిన తగవు వలన ఒక సంస్థ తన పనిని పరదేశమునకు తరలింపవలసి వచ్చెను.

కర్మాగారమును తరలింపవచ్చును. చెరువును తరలించుట ఎట్లు? 2025 ఆగస్టు 27 నుండి అమెరికా పలు భారతీయ సరకులపై అదనపు సుంకమును 50 శాతమునకు చేర్చినప్పుడు, ఆ భారము మన కోస్తా రొయ్యల రైతునకు గూడ సోకినది. అతనికి స్మిర్నా లేదు, రెండవ ఓడరేవు లేదు. గట్టు మీద నిలిచి ధర కొరకు ఎదురుచూచుటయే కలదు. పెద్ద సంస్థలు లేగలు కావు, వానికి దారులు పెక్కు. లేగ యనదగినవాడు ఒకే దారి గలవాడు.

కనుక మీ రేడియోలో ఎక్కడనో సుంకము పెరిగినదను వార్త వినబడినప్పుడు, మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని నిజముగ చెల్లించువారెవరు? తప్పించుకొనగలవారెవరు? తగవు తీరిన పిమ్మట తొలగించువారెవరు? మూడవ ప్రశ్నకు ట్రక్కుల విషయమున నేటికిని సమాధానము దొరకలేదు.